నక్షత్రాలు లెక్కిస్తే చాలదు: చిన్న ఎస్‌యూవీ భద్రతను తూచేదెలా?

నెల్లూరు: కావలి మొదలు తడ వరకు తీరానికి సమాంతరంగా సాగే 16వ నంబరు జాతీయ రహదారిపై నేడు ఎక్కువగా కనిపిస్తున్న సొంత వాహనం కాంపాక్ట్ ఎస్‌యూవీ. ఒకనాడు చిన్నకారుతో సరిపెట్టుకున్న మధ్యతరగతి కుటుంబాలు, రొయ్యల సాగులో నాలుగు రాళ్లు వెనకేసుకున్న రైతులు, చెన్నై ఆసుపత్రులకు, తిరుమల దర్శనానికి తరచూ రాకపోకలు సాగించేవారు ఎత్తైన ఈ బండ్లవైపే మొగ్గు చూపుతున్నారు. షోరూములో అడుగుపెట్టగానే మైలేజీ గురించి అడిగే రోజులు పోయి, 'దీనికి ఎన్ని స్టార్లు?' అని ప్రశ్నించే రోజులు వచ్చాయి. ఇది శుభపరిణామమే. అయితే స్టార్ల సంఖ్య ఒక్కటే తెలుసుకుని బండి భద్రమైనదని తీర్మానించుకోవడం తొందరపాటవుతుంది. ఆ నక్షత్రాలు ఏ బండికి, ఏ సంవత్సరంలో, ఏ పరీక్షలో వచ్చాయో తెలియకపోతే ఆ అంకె అక్కరకు రాదు సరికదా, లేనిపోని ధీమాను కలిగిస్తుంది.

కేంద్ర రహదారి రవాణా, జాతీయ రహదారుల మంత్రిత్వశాఖ లెక్కల ప్రకారం 2022లో దేశవ్యాప్తంగా 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరగగా 1,68,491 మంది మృతి చెందారు. వీరిలో సీటుబెల్టు ధరించక మరణించినవారే 16,715 మంది. ఈ నేపథ్యంలో ఒక వాహనం భద్రతా చరిత్రను ఎలా చదవాలో, ఏది నమ్మాలో, ఏది నమ్మకూడదో సామాన్యులు తెలుసుకోవలసిన అవసరం ఎంతైనా ఉంది.

క్రాసోవర్ అంటే ఎత్తు పెంచిన కారే

వ్యవహారంలో ఎస్‌యూవీ అని పిలుచుకుంటున్నప్పటికీ వీటిలో అత్యధికం నిజానికి క్రాసోవర్లు. పాతకాలపు జీపులు, పెద్ద ఎస్‌యూవీలకు లారీకి ఉన్నట్లు విడిగా ఉక్కు చాసిస్ ఉంటుంది. దానిపై బాడీని బిగిస్తారు. క్రాసోవర్లలో చాసిస్, బాడీ వేర్వేరుగా ఉండవు. రెండూ ఒకే నిర్మాణం. అంటే ఇది కారు పునాదిపైనే నేల నుంచి కొంత ఎత్తు పెంచి తయారు చేసిన వాహనం. టాటా నెక్సాన్, మారుతి బ్రెజా, హ్యుందాయ్ వెన్యూ, కియా సోనెట్ వంటివి 4 మీటర్లలోపు పొడవు గలవి. హ్యుందాయ్ క్రెటా, కియా సెల్టోస్ వంటివి అంతకు కాస్త పెద్దవి. ప్రజల వాడుకలో మాత్రం అన్నీ కాంపాక్ట్ ఎస్‌యూవీలే.

ఎత్తుగా కూర్చోవడం వల్ల రోడ్డు బాగా కనిపిస్తుంది, గోతుల్లో అడుగుభాగం తగలదు. కానీ ఎత్తు పెరిగేకొద్దీ బండి గురుత్వకేంద్రం కూడా పైకి జరుగుతుంది. వేగంగా వెళ్తూ హఠాత్తుగా స్టీరింగు తిప్పితే తక్కువ ఎత్తున్న కారు కన్నా ఇది తూలే ప్రమాదం ఎక్కువ. రహదారిపైకి గేదెల మంద వచ్చినప్పుడు, డివైడరు సందులోంచి ద్విచక్రవాహనం ఒక్కసారిగా దూసుకొచ్చినప్పుడు జరిగేది ఇదే. ఇటువంటి సమయంలో ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి బండిని అదుపులో ఉంచే సాధనమే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్. సన్‌రూఫ్ కన్నా, పెద్ద టీవీ తెర కన్నా ముందుగా అడిగి తెలుసుకోవలసిన అంశమిది.

నక్షత్రాలు ఎలా ఇస్తారు?

భారత్‌లో అమ్మే కార్లను ఢీకొట్టి పరీక్షించి ఫలితాలను బహిరంగపరచడం 2014లో బ్రిటన్ కేంద్రంగా పనిచేసే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థతో మొదలైంది. ఆ తర్వాత కేంద్ర ప్రభుత్వమే భారత్ ఎన్‌క్యాప్ పేరిట సొంత విధానాన్ని రూపొందించి 2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి తెచ్చింది. 3.5 టన్నుల లోపు బరువుండే ప్రయాణికుల వాహనాలకు ఇది వర్తిస్తుంది. ఇందులో పాల్గొనడం తయారీదారుల ఇష్టానికే వదిలారు. కనుక స్టార్లు లేని బండి పరీక్షలో తప్పిందని కాదు. అసలు ఆ పరీక్షకే వెళ్లి ఉండకపోవచ్చు.

భారత్ ఎన్‌క్యాప్‌లో ప్రధానంగా మూడు ఢీ పరీక్షలు ఉంటాయి. మొదటిదానిలో కారును గంటకు 64 కిలోమీటర్ల వేగంతో, ముందుభాగంలో 40 శాతం మేర తగిలేలా, నలిగే గుణమున్న అడ్డుగోడను ఢీకొట్టిస్తారు. రెండోదానిలో 50 కిలోమీటర్ల వేగంతో కదిలే దిమ్మె పక్క తలుపును తాకుతుంది. మూడోదానిలో 29 కిలోమీటర్ల వేగంతో కారు పక్కభాగాన్ని స్తంభానికి తగిలిస్తారు. లోపల కూర్చోబెట్టిన బొమ్మల తల, మెడ, ఛాతీ, కాళ్లపై పడిన ఒత్తిడిని యంత్రాలు నమోదు చేస్తాయి. పెద్దల రక్షణకు 32, పిల్లల రక్షణకు 49 మార్కులు కేటాయించారు. ఐదు నక్షత్రాలు రావాలంటే పెద్దల విభాగంలో కనీసం 27, పిల్లల విభాగంలో కనీసం 41 మార్కులు సాధించాలి. మూడు, అంతకు మించిన నక్షత్రాలకు స్టెబిలిటీ కంట్రోల్ కూడా తప్పనిసరి.

ఈ పరీక్షలు ఎక్కడో జరిగే వ్యవహారం కాదు. నెల్లూరుకు సమీపంలోనే, చెన్నై శివారు ఒరగడంలో ఉన్న గ్లోబల్ ఆటోమోటివ్ పరిశోధన కేంద్రంలోనూ ఢీ పరీక్షల ప్రయోగశాల ఉంది.

అయితే చట్టం కోరే కనీస పరీక్ష వేరు, నక్షత్రాల పరీక్ష వేరు. చట్టప్రకారం జరిగే ముందువైపు ఢీ పరీక్షలో వేగం గంటకు 56 కిలోమీటర్లు. కొత్త మోడళ్లకు 2017 అక్టోబరు నుంచి, అప్పటికే అమ్మకంలో ఉన్నవాటికి 2019 అక్టోబరు నుంచి దీనిని తప్పనిసరి చేశారు. 'ప్రభుత్వ అనుమతి ఉంది కాబట్టి భద్రమైనదే' అనే మాటకు అర్థం కనీస పరీక్షలో నెగ్గిందని మాత్రమే.

పేరు ఒక్కటే, ఫలితాలు వేరు

నక్షత్రాలను చదవడంలో కొనుగోలుదారులు పొరబడేది ఇక్కడే. ఇందుకు మన రాష్ట్రంలోనే తయారయ్యే కియా సెల్టోస్ చక్కని ఉదాహరణ. అప్పటి అనంతపురం జిల్లా, ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లా పెనుకొండ వద్ద ఉన్న కర్మాగారం నుంచి 2019లో వెలువడిన తొలి వాహనమిది. అదే ఏడాది ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాల పరీక్షా సంస్థ ఏన్‌క్యాప్ తమ విపణిలోకి కొరియా నుంచి వచ్చిన సెల్టోస్‌కు ఐదు నక్షత్రాలు ఇచ్చింది. 2020 నవంబరులో గ్లోబల్ ఎన్‌క్యాప్ భారత్‌లో తయారైన సెల్టోస్‌ను పరీక్షించి పెద్దల రక్షణకు మూడు, పిల్లల రక్షణకు రెండు నక్షత్రాలే ఇచ్చింది. పెద్దల విభాగంలో 17కు గాను 8.03 మార్కులు, పిల్లల విభాగంలో 49కి గాను 15 మార్కులు వచ్చాయి. బాడీ నిర్మాణం అంతకు మించిన తాకిడిని తట్టుకునే స్థితిలో లేదని కూడా పేర్కొంది. పరీక్షించిన బండిలో ఉన్నవి రెండు ఎయిర్‌బ్యాగులు మాత్రమే.

పేరు, రూపం ఒకటే అయినా దేశాన్ని బట్టి, ధరను బట్టి లోపలి సామగ్రి మారుతుందనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు. కథ అక్కడితో ఆగలేదు. 2022లో సెల్టోస్ అన్ని రకాల్లోనూ ఆరు ఎయిర్‌బ్యాగులు అమర్చారు. 2023 జూలైలో మార్పులు చేసిన బండి విడుదలైంది. కనుక 2020 నాటి ఫలితాన్ని 2023 బండికి అంటగట్టడం ఎంత పొరపాటో, ఆస్ట్రేలియా ఫలితాన్ని 2020 నాటి మన బండికి ఆపాదించడమూ అంతే పొరపాటు. సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో ఈ రెండు కాలాల బండ్లూ పక్కపక్కనే నిలబడి ఉంటాయి. వాటి మధ్య తేడా పైపైన చూస్తే తెలియదు. తయారీ నెల, సంవత్సరం చూస్తేనే తెలుస్తుంది.

టాటా నెక్సాన్‌దీ ఇటువంటి చరిత్రే. 2018 ఆగస్టులో నాలుగు నక్షత్రాలు పొందిన ఈ బండి, కొన్ని మార్పుల అనంతరం అదే ఏడాది డిసెంబరులో ఐదు సాధించింది. గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో ఐదు నక్షత్రాలు పొందిన తొలి భారతీయ కారు అదే. తిరిగి 2024 ఫిబ్రవరిలో, మరింత కఠినమైన కొత్త పరీక్షలోనూ ఐదు నిలబెట్టుకుంది. చెన్నై సమీపంలో తయారైన రెనో డస్టర్‌ను 2017లో పరీక్షించినప్పుడు ఎయిర్‌బ్యాగు లేని రకానికి సున్నా, డ్రైవరు ఎయిర్‌బ్యాగు ఉన్న రకానికి మూడు నక్షత్రాలు వచ్చాయి. ఒకే ఏడాది, ఒకే మోడల్, రెండు రకాలు. కానీ ఫలితంలో ఆకాశానికీ నేలకూ ఉన్నంత అంతరం.

పరీక్షా విధానం మారిన తేదీని కూడా గుర్తుంచుకోవాలి. 2022 జూలైకి ముందు గ్లోబల్ ఎన్‌క్యాప్ పెద్దల విభాగంలో నక్షత్రాలను ముందువైపు ఢీ పరీక్షలో 17 మార్కులకు లెక్కగట్టేది. ఆ తర్వాత పక్కవైపు తాకిడి, స్తంభపు పరీక్ష, పాదచారుల రక్షణ, స్టెబిలిటీ కంట్రోల్ వంటివి చేర్చి 34 మార్కులకు పెంచింది. పాత పద్ధతిలో పదో తరగతి పాసైనవారిని, సిలబస్ పెరిగాక పాసైనవారిని ఒకే గాటన కట్టలేం. 2018 నాటి ఐదు నక్షత్రాలు, 2024 నాటి ఐదు నక్షత్రాలు కూడా అంతే.

పరీక్షలో లేని లారీ

64 కిలోమీటర్ల వేగంతో అడ్డుగోడను ఢీకొట్టే పరీక్ష, కారు తనంత బరువున్న మరో కారును ఎదురెదురుగా ఢీకొన్న స్థితికి దగ్గరగా ఉంటుంది. కానీ నెల్లూరు తీరంలో కారుకు ఎదురయ్యేది ప్రతిసారీ మరో కారు కాదు. కృష్ణపట్నం ఓడరేవుకు సరకు మోసే లారీలు, ఇసుక టిప్పర్లు, రొయ్యల మేత, ఐసు తరలించే వాహనాలు, పంట కాలంలో ధాన్యం ట్రాక్టర్లు ఇక్కడి రహదారుల నిత్య దృశ్యం. మూడు ఇరుసుల లారీకి 2018లో సవరించిన నిబంధనల ప్రకారం అనుమతించే మొత్తం బరువు 28.5 టన్నులు. కాంపాక్ట్ ఎస్‌యూవీ బరువు సుమారు 1.2 నుంచి 1.4 టన్నులు. అంటే ఇరవై రెట్ల తేడా. ఇంత వ్యత్యాసమున్న తాకిడిని ఏ నక్షత్రమూ లెక్కలోకి తీసుకోదు.

2025 సెప్టెంబరు 17న సంగం మండలం పెరమన వద్ద ఇసుక టిప్పరు, కారు ఢీకొన్న ఘోర దుర్ఘటనలో ఏడుగురు ప్రాణాలు కోల్పోవడం జిల్లాను శోకసంద్రంలో ముంచింది. అటువంటి ఢీలో కారు ఎంత మేలైనదన్న చర్చకు తావు బహు తక్కువ. టిప్పర్ల వేగానికి కళ్లెం వేయడం, వ్యతిరేక దిశలో వాహనాలను రానీయకపోవడం, డివైడర్ల సందులను మూసివేయడం వంటివే అక్కడ ప్రాణాలను కాపాడగలవు.

రోడ్డు వారగా ఆగి ఉన్న లారీని వెనుక నుంచి ఢీకొనడం మరో పెను ప్రమాదం. కారు ముందుభాగంలో తాకిడిని పీల్చుకునే ఉక్కు దూలాలు బంపరు ఎత్తులో ఉంటాయి. లారీ వెనుక అంచు అంతకన్నా ఎత్తులో ఉంటే కారు దాని కిందికి దూసుకుపోతుంది. దూలాలకు పని పడకముందే లారీ అంచు అద్దాన్ని, పైకప్పు స్తంభాలను ఛేదించుకుని లోపలివారి తలలను తాకుతుంది. లారీ వెనుక గట్టి అడ్డుకమ్మీ, మెరిసే రేడియం పట్టీలు ఉండాలని నిబంధనలు ఉన్నది ఇందుకే. రాత్రివేళ ధాబాల ముందు దీపాలు ఆర్పి నిలిపే లారీల విషయంలో నిఘా పెట్టవలసిన బాధ్యత పోలీసు, రవాణా శాఖలది. వేగం తగ్గించి, ఎడమ అంచుకు మరీ ఆనుకుని పోకుండా నడపవలసిన బాధ్యత కారు నడిపేవారిది.

వేగం విషయంలో ఒక చిన్న లెక్క గమనించాలి. కదిలే వాహనంలోని శక్తి వేగం వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. పరీక్షలోని 64 కిలోమీటర్ల వేగంతో పోలిస్తే 80 వద్ద ఆ శక్తి ఒకటిన్నర రెట్లు, 100 వద్ద సుమారు 2.4 రెట్లు అవుతుంది. డివైడరు ఉన్న నాలుగు వరుసల రహదారిపై కార్లకు 2018లో కేంద్రం నిర్ణయించిన గరిష్ఠ వేగం గంటకు 100 కిలోమీటర్లు. చట్టం అనుమతించిన వేగంలోనే వెళ్తున్నా పరీక్ష హద్దును దాటిపోయినట్లేనని దీని భావం.

ఐదు నక్షత్రాల బండిలోనూ రెండు మరణాలు

2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ జిల్లాలో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ రోడ్డు ప్రమాదంలో మృతి చెందారు. ఆయన ప్రయాణించిన మెర్సిడెస్ బెంజ్ జీఎల్‌సీ కూడా కాంపాక్ట్ క్రాసోవర్ తరగతికి చెందినదే. 2015లో యూరప్ పరీక్షా సంస్థ యూరో ఎన్‌క్యాప్ నుంచి ఐదు నక్షత్రాలు పొందిన బండి అది. వంతెన గోడను ఢీకొన్న ఆ ప్రమాదంలో ముందు సీట్లలోని ఇద్దరు తీవ్ర గాయాలతో బయటపడగా, వెనుక కూర్చున్న మిస్త్రీ, జహంగీర్ పండోల్ ప్రాణాలు విడిచారు. వెనుక సీట్లలోని ఆ ఇద్దరూ సీటుబెల్టు ధరించలేదని పోలీసులు తెలిపారు.

అంతకు నాలుగేళ్ల ముందు, 2018 ఆగస్టు 29న నటుడు, మాజీ మంత్రి నందమూరి హరికృష్ణ నెల్లూరు జిల్లా కావలిలో జరిగే వివాహానికి హైదరాబాద్ నుంచి స్వయంగా వాహనం నడుపుకుంటూ బయల్దేరి నల్గొండ జిల్లాలో ప్రమాదానికి గురై కన్నుమూశారు. ఆయన నడిపినది పెద్ద ఎస్‌యూవీ. బండి నుంచి ఆయన బయటకు విసిరివేయబడ్డారు. సీటుబెల్టు ధరించలేదని అప్పట్లో పోలీసులు వెల్లడించారు.

ఈ రెండు ఘటనలూ చెప్పేది ఒక్కటే. పరీక్షలో బొమ్మలకు సీటుబెల్టులు బిగించే ఉంటాయి. వచ్చిన నక్షత్రాలు బెల్టు పెట్టుకున్నవారికి వచ్చినవే. బెల్టు లేనివారికి ఆ ఫలితం వర్తించదు. ఎయిర్‌బ్యాగు బెల్టుకు తోడుగా పనిచేసేదే గాని దానికి బదులు కాదు. బెల్టు శరీరాన్ని సీటుకు పట్టి ఉంచితేనే, రెప్పపాటులో తెరుచుకునే ఎయిర్‌బ్యాగు తలను, ఛాతీని సకాలంలో అందుకుంటుంది. బెల్టు లేనివారు ముందుకు తూలి ఇంకా ఉబ్బుతున్న సంచికే గుద్దుకుంటారు. వెనుక కూర్చున్నవారు బెల్టు పెట్టుకోకపోతే వారికే కాదు, తమ శరీర భారంతో ముందు సీటులోనివారికీ ప్రాణాంతకమవుతారు. 2022లో సీటుబెల్టు లేక మరణించినవారిలో 8,384 మంది డ్రైవర్లు కాగా, 8,331 మంది ప్రయాణికులే కావడం గమనార్హం.

ఒడిలోని పసిబిడ్డకు రక్షణ ఏదీ?

మన కుటుంబాల్లో ముందు సీటులో తల్లి ఒడిలో బిడ్డను కూర్చోబెట్టుకోవడం పరిపాటి. 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న బండి సెకనులో పదో వంతు కాలంలో ఆగిపోతే పది కిలోల బిడ్డ ఆ క్షణంలో 100 కిలోలకు మించిన భారమవుతుంది. ఎంతటి బలమైన చేతులూ ఆ బరువును ఆపలేవు. ముందు ఎయిర్‌బ్యాగు తెరుచుకుంటే అది నేరుగా బిడ్డనే తాకుతుంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 194బి సెక్షన్ ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలకు సీటుబెల్టు గాని, పిల్లల సీటు గాని లేకుండా వాహనం నడిపితే రూ.1,000 జరిమానా విధించవచ్చు.

పిల్లల సీటును గట్టిగా బిగించేందుకు వెనుక సీటు సందులో ఐసోఫిక్స్ అనే ఉక్కు కొక్కేలు ఉంటాయి. బండి కొనేటప్పుడు సీటు సందులో చేయిపెట్టి ఇవి ఉన్నాయో లేవో స్వయంగా చూసుకోవాలి. నక్షత్రాలను చదివేటప్పుడు కూడా పెద్దల అంకెతో ఆగకుండా పిల్లల అంకెను విడిగా అడగాలి. పసిపిల్లలున్న ఇంటికి రెండో అంకే ముఖ్యం.

చేజేతులా చేసుకునే చేటు

కర్మాగారంలో సమకూర్చిన రక్షణను బయట దుకాణాల్లో పోగొట్టుకుంటున్నవారు ఎందరో. ముందు బంపరుకు అలంకారంగా బిగించే ఉక్కు బుల్‌గార్డు తాకిడి బలాన్ని నేరుగా దూలాలకు చేరవేసి, సెన్సార్ల పనికి అడ్డుపడి, ఎయిర్‌బ్యాగు సమయానికి తెరుచుకోకుండా చేయవచ్చు. ఎదుట పాదచారి ఉంటే గాయం మరింత తీవ్రమవుతుంది. వీటిపై చర్యలు తీసుకోవాలని 2017 డిసెంబరులోనే కేంద్రం రాష్ట్రాలను ఆదేశించింది.

పక్క ఎయిర్‌బ్యాగు సీటు అంచులోంచి తెరుచుకునే బండ్లలో దానికి తగినట్లు కుట్టని సీటు కవర్లు వేయిస్తే సంచి బయటకు రాలేదు. సీటుబెల్టు హెచ్చరిక మోగకుండా తగిలించే క్లిప్పుల సంగతి మరీ విడ్డూరం. 2023 మేలో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ ఐదు ఆన్‌లైన్ విక్రయ సంస్థలను ఆదేశించి ఇటువంటి 13,118 అమ్మకపు ప్రకటనలను తొలగింపజేసింది. ప్రాణం కాపాడే మోతను నోరు నొక్కేందుకు డబ్బు ఖర్చు చేయడాన్ని మించిన అవివేకం మరొకటి ఉండదు.

ఉప్పుగాలి, వరద నీరు

తీరప్రాంతంలో వాహనాలకు ఉప్పుగాలి ప్రత్యేక సమస్య. మైపాడు, కృష్ణపట్నం పరిసరాల్లోను, చెరువు గట్లపైన ఏళ్ల తరబడి తిరిగిన బండికి అడుగుభాగంలో తుప్పు త్వరగా చేరుతుంది. పైరంగు మెరుస్తున్నా కింద దూలాల అతుకులు, బ్రేకు గొట్టాలు, బెల్టులు బిగించిన చోట్లు బలహీనపడి ఉండవచ్చు. బలమైన ఉక్కు ఉన్నప్పుడు వచ్చిన మార్కులు తుప్పు పట్టిన ఉక్కుకు చెల్లవు. ఏడాదికి ఒకసారైనా, ముఖ్యంగా వానాకాలం ముగిశాక, బండిని పైకెత్తించి అడుగుభాగం పరిశీలింపజేయాలి. ఎండకు కాగే రోడ్లపై టైర్ల గాలి, వయసు కూడా అంతే శ్రద్ధగా చూడాలి.

ఎత్తైన బండి కదా అని వరద నీటిలోకి దించడం మరో దుస్సాహసం. 2021 నవంబరులో పెన్నా పోటెత్తినప్పుడు కోవూరు సమీపంలోని పడుగుపాడు వద్ద జాతీయ రహదారే కోతకు గురై రాకపోకలు స్తంభించాయి. పారే నీరు అడుగు లోతున ఉన్నా చిన్నకారును తేల్చగలదు. రెండు అడుగులు ఉంటే ఎస్‌యూవీలు సైతం కొట్టుకుపోతాయి. నీటి కింద రోడ్డు ఉందో లేదో పై నుంచి ఎవరూ చెప్పలేరు.

రీకాల్ జరిగిందా?

భద్రతా చరిత్రలో మరో పుట రీకాల్. తయారీలో లోపం బయటపడినప్పుడు కంపెనీయే బండ్లను వెనక్కు పిలిపించి ఉచితంగా సరిచేస్తుంది. ఉదాహరణకు 2024 ఫిబ్రవరిలో కియా సంస్థ ఆయిల్ పంపు నియంత్రణ పరికరంలో లోపం ఉండవచ్చని 4,358 పెట్రోలు సెల్టోస్ బండ్లను వెనక్కు పిలిచింది. అంతకుముందు 2022 అక్టోబరులో ఎయిర్‌బ్యాగు సాఫ్ట్‌వేర్‌ను పరిశీలించేందుకు 44,174 కారెన్స్ వాహనాలను రప్పించింది. రీకాల్ అనగానే బండి చెడ్డదని అనుకోనక్కరలేదు. లోపాన్ని దాచకుండా సరిదిద్దడం మంచిదే. ప్రమాదమల్లా పిలుపు వచ్చినా వెళ్లని బండితోనే. సెకండ్ హ్యాండ్ బండి కొనేవారు చాసిస్ నంబరు చెప్పి పెండింగు రీకాల్ ఏదైనా ఉందా అని అధీకృత సర్వీసు కేంద్రంలో విచారించుకోవాలి.

లెక్కల్లో వెలితి

ఢీ పరీక్ష జరిగేది ప్రయోగశాలలో. రోడ్డుపై ఆ బండిలో ఎందరు మరణించారు, ఎందరు బతికి బయటపడ్డారు అన్నదే అసలైన భద్రతా చరిత్ర. అమెరికాలో బీమా సంస్థల పరిశోధన కేంద్రం ఒక్కో మోడల్‌కు, తిరుగుతున్న బండ్ల సంఖ్యతో పోల్చి, డ్రైవర్ల మరణాల రేటును ప్రచురిస్తోంది. మన రహదారి రవాణా శాఖ వార్షిక నివేదిక మాత్రం మోడళ్లవారీగా కాక కార్లు, లారీలు, ద్విచక్రవాహనాలు అనే తరగతులవారీగానే లెక్కలిస్తుంది. ప్రమాద స్థలంలోనే పోలీసులు వివరాలు నమోదు చేసే సమీకృత డేటాబేస్ ఇప్పటికే దేశంలో ఉంది. ఐఐటీ మద్రాసు, జాతీయ సమాచార కేంద్రం దీనిని రూపొందించాయి. మోడల్, తయారీ సంవత్సరం, బెల్టు ధరించారా, ఎయిర్‌బ్యాగులు తెరుచుకున్నాయా అన్న వివరాలతో సారాంశాన్ని ప్రజల ముందుంచితే కొనుగోలుదారులకు అంతకుమించిన మార్గదర్శి ఉండదు.

ఈ లెక్క వెలువడేదాకా 'మా బంధువుల బండి పల్టీ కొట్టినా ఎవరికీ ఏమీ కాలేదు' అన్న ఒక్క ఘటనతో బండిని మెచ్చుకోవడం, ఒక్క దుర్ఘటనతో దానిని తూలనాడటం రెండూ సరికావు. డోరు గట్టిగా వేసినప్పుడు వచ్చే బరువైన చప్పుడుతో, రేకు మందంతో భద్రతను అంచనా వేయడమూ అటువంటిదే. ప్రాణం కాపాడేది పైరేకు కాదు, లోపలి అస్థిపంజరం.

కొనేముందు అడగవలసినవి

షోరూములో సంతకం చేసేముందు కొన్ని ప్రశ్నలకు స్పష్టమైన సమాధానాలు రాబట్టాలి. నక్షత్రాలు ఏ సంస్థ ఇచ్చింది, ఏ ఏడాదిలో ఇచ్చింది, భారత్‌లో తయారైన బండికే ఇచ్చిందా? పెద్దలకు ఎన్ని, పిల్లలకు ఎన్ని? పరీక్షించిన రకానికీ, కొనబోయే రకానికీ ఎయిర్‌బ్యాగుల్లో, స్టెబిలిటీ కంట్రోల్‌లో తేడా ఉందా? బాడీ నిర్మాణం స్థిరంగా ఉందని నివేదిక చెప్పిందా? వెనుక మధ్య సీటుకు కూడా భుజం మీదుగా వచ్చే బెల్టు ఉందా? భారత్ ఎన్‌క్యాప్ పరీక్షకు వెళ్లిన బండికి క్యూఆర్ కోడ్‌తో కూడిన స్టిక్కరు జారీ చేస్తారు. సేల్స్‌మన్ మాటపై ఆధారపడకుండా ఆ కోడ్‌ను ఫోనుతో చదివించి సరిచూసుకోవచ్చు.

పాత బండి కొనేవారు తయారీ తేదీపై మరింత దృష్టి పెట్టాలి. డ్రైవరు ఎయిర్‌బ్యాగు, ముందు సీట్ల బెల్టు హెచ్చరిక, వేగ హెచ్చరిక 2019 జూలై 1 నుంచి తప్పనిసరి అయ్యాయి. ముందు సీట్లు రెండింటికీ ఎయిర్‌బ్యాగుల నిబంధన కొత్త మోడళ్లకు 2021 ఏప్రిల్ నుంచి, పాత మోడళ్లకు ఆ ఏడాది చివరి నుంచి వర్తించింది. అంతకు ముందటి బండిలో ఇవి ఉంటే ఉండవచ్చు, లేకపోతే లేదు. ప్రమాదానికి గురై బాగుచేసిన బండిలో ఎయిర్‌బ్యాగులు మళ్లీ అమర్చారా అన్నది తప్పక పరీక్షింపజేయాలి. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగు దీపం వెలిగి కొద్ది సెకన్లలో ఆరిపోవాలి. అసలు వెలగకపోయినా, ఆరకపోయినా అనుమానించాలి.

బయటివారి ప్రాణమూ లెక్కలోకే

2022లో దేశంలో రోడ్డు ప్రమాద మృతుల్లో 44.5 శాతం మంది ద్విచక్రవాహనదారులు, 19.5 శాతం మంది పాదచారులు. కార్లు, ట్యాక్సీలు, తేలికపాటి వాహనాల్లో ఉన్నవారు 12.5 శాతమే. మన రహదారులపై ఎక్కువగా ప్రాణాలు పోగొట్టుకుంటున్నది కారు బయట ఉన్నవారేనని ఈ అంకెలు చాటుతున్నాయి. ఎత్తైన ముందుభాగమున్న బండి పాదచారిని తాకితే దెబ్బ కాళ్లకు కాక నడుముకు, ఛాతీకి తగిలే అవకాశం ఎక్కువ. ఊరి కూడళ్ల వద్ద, బడి ముందు, రోడ్డుపై వడ్లు ఆరబోసుకుని పనిచేసుకునే కూలీల పక్కన వేగం తగ్గించడం నక్షత్రాల్లో లెక్కకురాని భద్రత.

మంచి బండిని ఎంచుకోవడం తప్పనిసరిగా చేయవలసిన పనే. తాకిడిలో అస్థిపంజరం నిలవడానికి, కూలడానికి మధ్య ఉన్న తేడా ఒక కుటుంబం భవిష్యత్తును నిర్ణయించగలదు. అయితే నక్షత్రాలు కొన్న రోజుతో స్థిరపడిపోతాయి. బెల్టు, వేగం, టైర్లు, పిల్లల సీటు మాత్రం బండి తీసిన ప్రతిసారీ చూసుకోవలసినవి. వెనుక కూర్చున్న పెద్దవారితో సహా అందరూ బెల్టు పెట్టుకున్నాకే ఇంజను స్టార్టు చేయడం ప్రతి ఇంటా అలవాటు కావాలి.